గోడ మీద పువ్వు: స్టెన్సిల్ నేర్చుకుందాం



మనం హాస్టల్లో చేరిన రోజు వెంట తెచ్చుకున్న రేకు పెట్టెను గుర్తు తెచ్చుకోండి. కొందరి పెట్టెల మీద పేరులోని అక్షరాలు అక్కడక్కడ తెగినట్లు ఉండేవి. అది పెయింటరు పొరపాటు కాదు. అట్టను అక్షరాల ఆకారంలో కోసి, ఆ కంతల్లోంచి రంగు అద్దే పద్ధతి అది. దానినే స్టెన్సిల్ అంటారు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ బట్టలకు చెక్క అచ్చులు వాడతారు. చెక్క అచ్చులో ఉబ్బెత్తు భాగం రంగు అంటిస్తుంది, స్టెన్సిల్‌లో కోసిన ఖాళీ ఆ పని చేస్తుంది. ఉత్తరాదిన మథురలో సాంఝీ కళాకారులు ఇలాగే కాగితాన్ని కోసి, దాని మీద రంగుపొడులు చల్లి ముగ్గులు తీర్చడం ఆనవాయితీ.

మేము చేసిన తప్పు

మా అక్క పెళ్లిచూపులకు రెండు రోజుల ముందు నాన్న ఇంటికి సున్నం వేయించారు. గోడకు పూల అంచు దింపుదామని అన్నదమ్ములం ఇద్దరం బయలుదేరాం. రంగు పలుచగా కలిపి, స్పాంజిని నిండా ముంచి అద్దాం. అట్ట తీసేసరికి పువ్వు లేదు, గోడ పొడుగునా చారలే. అట్టతో పాటు సున్నం పెచ్చులు కూడా ఊడి వచ్చాయి. మా కళ్లలో నీళ్లు చూసి అమ్మ, "డబ్బా అడుగున ఇంకాస్త సున్నం ఉందిలేరా. ముందు పాత పేపరు మీద చేసి చూసుకోవాల్సింది" అంది. ఆ మాటే ఈ పాఠానికి మూలం.

అచ్చు కోయడం

పాత ఎక్స్‌రే ఫిల్మ్ గానీ, ఓహెచ్‌పీ షీట్ గానీ తీసుకోండి. మామూలు అట్ట తడికి ఉబ్బుతుంది. బొమ్మ గీసి, దళసరి అట్ట మీద పెట్టి కట్టర్‌తో కోయాలి. చిన్న కంతలు ముందు, పెద్దవి తరువాత. వంపుల దగ్గర కట్టర్‌ను కాక షీటును తిప్పాలి. రెండో చెయ్యి కట్టర్ వెళ్లే దారిలో ఉండకూడదు.

తెలుగు అక్షరాలకు ఒక చిక్కుంది. సున్న చుట్టూ కోస్తే లోపలి ముక్క ఊడి పడిపోతుంది. 'ర', 'ఠ' అక్షరాలదీ అదే కథ. అందుకే పైన, కింద కనీసం 3 మిల్లీమీటర్ల వెడల్పుతో కోయకుండా వంతెనలు వదలాలి. పెట్టెల మీది అక్షరాలు తెగినట్లు కనిపించేది ఈ వంతెనల వల్లనే. "సంక్షేమ వసతి గృహం" అని కోసి చూడండి, రెండు సున్నలకూ వంతెనలు కావలసిందే.

గోడ, లెక్క

గోడను అరచేతితో రుద్దండి. చేతికి తెల్లగా అంటితే ఆ సున్నం మీద రంగు నిలవదు. ఉప్పు కాగితంతో రుద్ది, దులిపి, ప్రైమర్ వేయాలి. చెమ్మ గోడ అయితే ఆరేవరకు ఆగాలి.

గోడ పొడవు 10 అడుగుల 6 అంగుళాలు, అంటే 126 అంగుళాలు అనుకుందాం. పువ్వు వెడల్పు 8 అంగుళాలు. 15 పువ్వులకు 120 అంగుళాలు పోగా 6 మిగులుతాయి. వాటిని 15తో భాగిస్తే 0.4. అంటే ఒక పువ్వు మధ్య నుంచి మరో పువ్వు మధ్యకు 8.4 అంగుళాలు. మొదటి పువ్వును గోడకు సరిగ్గా మధ్యన దింపి, రెండు వైపులకూ సాగితే మూలలు సమంగా వస్తాయి. నేల వాలుగా ఉండవచ్చు కనుక నేల నుంచి కొలవకండి. మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో రెండు చివర్లూ గుర్తు పెట్టి, నీలిమందు పొడి అద్దిన దారం లాగి కొట్టండి.

రంగు అద్దడం

డిస్టెంపర్‌ను చిక్కగా కలపాలి. స్పాంజికి కొద్దిగా అంటించి, సగానికి పైగా పాత పేపరు మీద అద్దేయాలి. షీటును టేపుతో గోడకు అతికించి, స్పాంజిని నిలువుగా తట్టాలి, రుద్దకూడదు. రుద్దితే రంగు అంచు కిందికి చేరుతుంది. ఒక మందపాటి పూత కంటే రెండు పలుచని పూతలు మేలు. షీటును పక్కకు జరపకుండా ఎదురుగా లాగి తీయాలి. ప్రతిసారీ వెనుకవైపు తుడవాలి.

పెళ్లినాటికి అదే గదికి ప్రైమర్, డిస్టెంపర్ వేసి అంచు దింపాం. వచ్చిన చుట్టాలు పెయింటరు ఎవరని అడిగారు.

తమ్ముళ్లారా, మన ఇళ్లలో ఏ వస్తువూ రెండోసారి కొనే వీలు ఉండదు. అందుకే పాడు చేస్తామేమోనన్న భయంతో చాలా పనులు మొదలే పెట్టం. మన రీడింగ్ రూములో పాత పేపర్లకు మాత్రం కొదవ లేదు. ముందుగా వాటి మీద ఇరవై పువ్వులు పాడు చేయండి. ఇరవై ఒకటోది గోడ మీద నిలుస్తుంది.