ఎరిగిన రేవు – ఎరుగని రాయి

ఢిల్లీ మహానగరమున యమునకు తూర్పుగట్టున నున్న లక్ష్మీ నగర్ వాసులు అనేకులు దినదినమును ఆ నదిని దాటుచుందురు. వికాస్ మార్గ్ మీదుగా పడమటికి పోవువారికి ఐ.టి.ఓ. బ్యారేజీయు, దాని తలుపులును కన్పట్టును. నిత్యము చూచునది గనుక వాటివంక నిలిచి చూచువారు అరుదు.

2023 జూలై 13న పాత రైలువంతెన కడ యమున 208.66 మీటర్ల మట్టమునకు పెరిగి, 1978 నాటి 207.49 మీటర్ల గరిష్ఠమును మించిపోయినది. ఆ వేళ బ్యారేజీకి గల 32 తలుపులలో అయిదు తెరచుకొనలేదు. అడుగున పేరుకొన్న ఒండ్రుమట్టి వాటిని బిగబట్టినది. సైనిక ఇంజనీరులును, గజయీతగాండ్రును దాదాపు 20 గంటలు శ్రమించి, నీటి అడుగున మట్టిని తొలగించిన పిదప మొదటి తలుపు లేచినది. ఒండ్రు ఒక్కనాడు చేరునది కాదు. కొంచెము కొంచెముగా, కంటికి కనబడక చేరును. వరద వచ్చిననాడే దాని బలము తెలియును.

పడవ నడపువారికి ఈ సత్యము క్రొత్తది కాదు. నీటిపైకి తేలిన బండను అందరును చూచి తొలగుదురు. మిక్కిలి లోతున నున్న బండ మీదుగా పడవ సుఖముగా పోవును. జానెడు నీరు కప్పిన బండయే ప్రాణాంతకము. నిన్న రెండు బారల లోతున నున్న రాయి, నీరు తీసిన నేడు పడవ అడుగును తాకును. రాయి కదలలేదు, నీటిమట్టము మారినది. ఇసుక మేటలు వరద వరదకును చోటు మార్చుకొనును. కావున నిన్నటి త్రోవ నేటికి ప్రమాణము కానేరదు.

2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోవుచున్న పడవ కచ్చులూరు కడ గోదావరిలో మునిగి, పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ చోటు అపాయకరమని పరిసరవాసులకు తెలియనిది కాదు. నాడు నది వరదలో నుండెను. ఎరిగిన చోటైనను ఆనాటి నీటిని బట్టియే నడువవలెను.

నేర్పరియైన సరంగు పుట్టి పెరిగిన ఏటిలోనైనను రేవు విడుచుటకు ముందు నీటిమట్టము చూచును. ప్రవాహమధ్యమున నున్నగా ఉబ్బిన చోటును, దాని దిగువన లేచు అలల చాలును మునిగిన బండకు గుర్తులని గ్రహించి తొలగును. అనుమానము గలచోట వేగము తగ్గించి గెడతో లోతు చూచును. మసకచీకటిలో తన కంటిని నమ్మడు.

తెలుగువారు అపాయమును ‘ప్రమాదము’ అందురు. సంస్కృతమున ఆ పదమునకు ఏమరుపాటు అని అర్థము. ఏమరుపాటే మృత్యువని ఉద్యోగపర్వమున సనత్సుజాతుడు ధృతరాష్ట్రునకు బోధించెను.

గీతాధ్యాన శ్లోకములలో కురుక్షేత్ర యుద్ధము ఒక నదిగా వర్ణింపబడినది. భీష్మద్రోణులు దాని గట్లు, జయద్రథుడు జలము, కేశవుడు దాటించు నావికుడు. అందు గాంధారరాజును ‘నీలోత్పలము’, అనగా నల్లకలువ, అని ఒక పాఠము. ‘నీలోపలము’, అనగా నల్లరాయి, అని మరియొక పాఠము. రెండు పాఠములును కలిపి తలచిన గొప్ప బోధ లభించును. దూరమునకు కలువ, చేరువకు రాయి! ధర్మరాజు పడవ పగిలినది తెలియని తావున కాదు. బంధువుల సభలో, తాను ఇష్టపడిన పాచికల ఆటలో.

సాధకుని స్థితియు ఇట్టిదే. ప్రకటమైన దోషమును అతడు చూచి తొలగును. జయించితినని తలచిన కోపము, సేవలో దాగిన కీర్తికాంక్ష, అలవాటుగా తిరుగు జపమాల వెనుక పేరుకొను జడత్వము – ఇవియే జానెడు నీటి క్రింది బండలు. అనేక సంవత్సరములు పూజించితినను ధైర్యమే కొన్నిమారులు కన్నులు మూయును.

కావున ప్రాతఃకాలమున మనస్సు యొక్క మట్టమును చూచుకొనవలెను. అలసట, అవమానము, ఆకలి గల దినమున ఓర్పు అను నీరు తీసియుండును. అట్టినాడు మాట వేగము తగ్గింపవలెను. కారణములేని చిరాకు పైకి లేచినచో, అది క్రింది రాతి గుర్తని యెరిగి లోతు చూచుకొనవలెను. రాత్రి ఆత్మపరీక్షచే ఆనాటి ఒండ్రును ఆనాడే తొలగింపవలెను. పిడికెడు మట్టి తీయుటకు గజయీతగాండ్రు అక్కరలేదు.

నావికుడు కేశవుడే యనుట సత్యము. అయినను అర్జునుడు కన్నులు మూసికొని కూర్చుండలేదు. సందేహములను అడిగెను, వినెను, మేల్కొని పోరాడెను. శరణాగతియు జాగరూకతయు ఒకే పడవకు రెండు తెడ్లు.