పొరుగింటి పొగ

మూలవాక్యభాగము: లేవీయకాండము 19:16–18
కూడ చదువవలసినవి: సామెతలు 10:26, మత్తయి 7:3–5, మత్తయి 18:15, 16, రోమా 13:1–4, 10



గడచిన వర్షకాలములో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన సంఘపు సహోదరి యొకతె తన యెనిమిదేండ్ల కుమారుని చేయి పట్టుకొని వెనుక నిలిచియుండెను. ఆ పిల్లవానికి ఉబ్బసము కలదు. పగలు బాగుగనే ఆడుకొనును గాని రాత్రి తొమ్మిది దాటిన తరువాత దగ్గు పట్టుకొనును. వారి పెరటికిని పొరుగువారి పెరటికిని నడుమ ఒకటే గోడ. ఆ యింటి కుర్రవాడు ఇద్దరు స్నేహితులతో వసారాలో కూర్చుండి సిగరెట్టులలో గంజాయి కూరి కాల్చును. ఆ పొగ చూరు సందులగుండను, పెరటి కిటికీగుండను వీరి యింటిలోనికి వచ్చును.

"అయ్యగారూ, కిటికీ మూస్తే ఉక్కతో చస్తున్నాము, తెరిస్తే పొగతో చస్తున్నాము. వాణ్ణి పోలీసులకు పట్టించమంటారా, ఇల్లు మారిపొమ్మంటారా, ప్రార్థన చేసుకొని ఊరుకోమంటారా?" అని ఆమె అడిగెను.

ఇది ఆమె యొక్క యింటి బాధ మాత్రమే కాదు. విశాఖ ఏజెన్సీ కొండలలోని గంజాయి తోటలను నరికివేయుటకు 2021లో పోలీసువారు 'పరివర్తన' అను పేరిట పని మొదలుపెట్టిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒక్కచోట పోసి తగులబెట్టిరి. అయినను ఆ ఆకు పల్లెలలోనికి వచ్చుట ఆగలేదు. కాబట్టి ఈ మాసపు పాఠములో ఆ సహోదరి అడిగిన ప్రశ్నను వాక్యపు వెలుగులో చూతము.

1. పొగను గూర్చి తెలిసికొనవలసినది

సోమరియైన పనివాడు తన్ను పంపినవారికి ఎట్టివాడో చెప్పుటకు సొలొమోను కండ్లకు తగులు పొగను ఉపమానముగా తీసికొనెను (సామెతలు 10:26). పొగ స్వభావమే అట్టిది. ఊదినవాడు ఒకడు, కండ్లు తుడుచుకొనువాడు మరియొకడు.

గంజాయి ఆకు మందు గదా, దాని పొగ హాని చేయదు అని చెప్పువారు కలరు. అది నిజము కాదు. ఏ ఆకు కాలినను సన్నని ధూళి, తారు, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. పొగాకు పొగలోని విషపదార్థములలో అనేకము గంజాయి పొగలోను ఉన్నవి. ఉబ్బసముగల పిల్లవాని ఊపిరిగొట్టములకు ఆ ధూళియే చాలును. అవి బిగిసికొని దగ్గును ఆయాసమును కలిగించును.

పిల్లవానికి మత్తు ఎక్కునేమో అనునది ఆ తల్లి యొక్క రెండవ భయము. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2015లో ఒక పరీక్ష ఫలితములను ప్రకటించిరి. గంజాయి త్రాగువారు ఆరుగురును, త్రాగనివారు ఆరుగురును ఒక చిన్న గదిలో గంటసేపు కూర్చుండిరి. గాలి ఆడకుండ ఉంచినప్పుడు త్రాగనివారి రక్తములోను మూత్రములోను గంజాయి మత్తు పదార్థము కనబడెను. వారికి కొంచెము మత్తు కూడ తగిలెను. గాలి మరలను నడిపినప్పుడు ఆ ఫలితములు చాలవరకు లేకపోయెను. కిటికీగుండ వచ్చు పొగ ఆ గదిలోని పొగకంటె మిక్కిలి పలుచనిది. కాబట్టి మత్తును గూర్చి అంతగా దిగులుపడనక్కరలేదు గాని ఊపిరిని గూర్చి జాగ్రత్తపడవలెను. గాలి ఆడుటయే మొదటి రక్షణ.

ఇంటిలో చేయదగిన పనులు ఇవి. పొగ వచ్చు వేళకు ఆ వైపు కిటికీని మూసి, ఎదుటి వైపు కిటికీని తెరువుడి. చూరు సందులను తలుపు క్రింది సందును పాత గుడ్డలతో బిగింపుడి. పిల్లవాని మంచమును ఆ గోడకు దూరముగా వేయుడి. వాసన పోగొట్టుటకు సాంబ్రాణి, అగరువత్తులు వెలిగింపవద్దు. దోమల చుట్ట కూడ కాల్చవద్దు. అవి పొగమీద పొగ కలుపును. కిటికీకి తడిగుడ్డ కట్టినను సన్నని ధూళి పూర్తిగా ఆగదు. డాక్టరుగారు ఇచ్చిన పీల్చు మందును చేతికందు చోట ఉంచుడి. ఏ దినమున ఏ గంటకు పొగ వచ్చినదో, పిల్లవాడు ఎప్పుడు దగ్గినాడో ఒక పుస్తకములో వ్రాసికొనుడి. ఇది డాక్టరుగారికిని ఉపయోగపడును, మాటలాడవలసిన దినమున కోపమునకు బదులు సాక్ష్యముగాను నిలుచును.

2. ఇంటింటికి తిరుగు మాట

ఇప్పుడు మూలవాక్యమునకు వత్తము. ఈ మూడు వచనములలో చివరి మాట, అనగా నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెనను ఆజ్ఞ, మనకందరికి కంఠస్థము. ఆ ఆజ్ఞకు ముందున్న మెట్లను మాత్రము మనము ఎక్కము.

మొదటి మెట్టు 16వ వచనములో ఉన్నది. కొండెములు మోయుచు జనుల మధ్య తిరుగవద్దని దేవుడు చెప్పెను. నేను ఆ సహోదరిని, "ఈ సంగతి ఎవరితో చెప్పితివమ్మా?" అని అడిగితిని. కుళాయి దగ్గర ఆరుగురితో చెప్పినది. ఆ కుర్రవాని తల్లితో మాత్రము ఒక్కసారియైనను చెప్పలేదు. పొగ గోడ దాటి ఒక యింటికే వచ్చెను. మాట వీధియంతయు తిరిగెను.

అదే వచనపు రెండవ సగములో పొరుగువాని ప్రాణమును గూర్చిన ఆజ్ఞ కలదు. హెబ్రీ మూలములోని మాటలకు అక్షరార్థము పొరుగువాని రక్తము దగ్గర నిలిచియుండవద్దు అని. ఒకని ప్రాణము అపాయములో ఉండగా చూచుచు ఊరకుండకూడదని అనేకులు దీనికి భావము చెప్పుదురు. ఇక్కడ అపాయములో ఉన్నవారు ఇద్దరు. దగ్గుచున్న పిల్లవాడు ఒకడు. ఇరువదేండ్లకే మత్తుకు లోబడుచున్న ఆ కుర్రవాడు రెండవవాడు. ప్రార్థన చేసికొని ఊరుకొందుమని చెప్పుట ఈ ఇద్దరి దగ్గర చేతులు కట్టుకొని నిలుచుటయే యగును.

3. హృదయములో దాచిన పగ

17వ వచనము హృదయములో సహోదరుని ద్వేషింపవద్దని చెప్పి, వెంటనే అతనితో సంగతి మాటలాడుమని చెప్పుచున్నది. మన బైబిలులో గద్దించుట అని యున్నది. ఆ మాట వినగానే మనకు కేకలు వేయుట తోచును. హెబ్రీ మాటకు సంగతిని తేటపరచుట, ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకొనుట అను అర్థము కూడ కలదు. యెషయా 1:18లో దేవుడు తన ప్రజలను వివాదము తీర్చుకొందము రమ్మని పిలిచినప్పుడు వాడిన మాట ఈ ధాతువునుండి వచ్చినదే. పరిశుద్ధుడైన దేవుడే పాపితో కూర్చుండి మాటలాడుటకు సిద్ధపడగా, మనము పొరుగువానితో మాటలాడకుండ ముఖము త్రిప్పుకొనుట తగునా?

ఆ సహోదరి భర్త నాతో ఒక మాట అనెను. "పోలీసులు వచ్చిన రోజు వాళ్ళమ్మ ముఖము చూడాలండి." ఈ మాటయే నన్ను కలతపెట్టెను. పోలీసులకు తెలియజేయుట పాపము కాదు. దానిని గూర్చి ముందు చెప్పెదను. అయితే ఒక తల్లి సిగ్గుపడుట చూడవలెనని కోరుట 18వ వచనము నిషేధించిన పగయే. చట్టమును ఆశ్రయముగా వెదకువాడు వేరు, రాయిగా చేతబట్టువాడు వేరు.

4. తలుపు తట్టిన దినము

మేము ఒక సోమవారము ఉదయమున వెళ్లితిమి. రాత్రివేళ, మత్తులో ఉన్నవాని యొద్దకు, అతని స్నేహితుల యెదుటికి వెళ్లవద్దు. స్త్రీలు ఒంటరిగా వెళ్లవద్దు. మన ప్రభువు మత్తయి 18లో చెప్పిన క్రమము సంఘములోని సహోదరుని గూర్చినది. ఈ కుటుంబము మన సంఘమునకు చెందినది కాదు. అయినను మొదట నలుగురిలో పెట్టక మెల్లగా చెప్పుట యను మర్యాద ఏ పొరుగువానికైనను చెల్లింపదగినదే.

సహోదరి పీల్చు మందు డబ్బాను కుర్రవాని తల్లికి చూపి, "వదినా, రాత్రిళ్లు మీ పెరటి పొగ మా యింట్లోకి వస్తున్నది. బాబు ఊపిరి అందక లేచి కూర్చుంటున్నాడు" అని మాత్రము చెప్పినది. గంజాయి అను పేరు ఎత్తలేదు, పెంపకమును నిందింపలేదు.

ఆ తల్లి చాలసేపు మాటలాడలేదు. తరువాత, "మా వాడి సంగతి నాకు తెలుసు వదినా. సంవత్సరం నుంచి ఎవరితో చెప్పుకోను?" అని ఏడ్చినది. వీధియంతటికి తెలిసిన సంగతిని గూర్చి ఆమె దగ్గరకు వచ్చి మాటలాడినవారు ఒక్కరును లేకపోయిరి!

ఆమె కండ్లు తుడుచుకొని మరియొక మాట కూడ అన్నది. "మీ మామగారి చుట్ట పొగ బాబుకు తగలదా, వదినా?"

మేము ముగ్గురము తలలు వంచుకొంటిమి. అది నిజమే. తాతగారు దినమంతయు అరుగుమీద చుట్ట కాల్చును, మనుమడు ఆయన ఒడిలోనే కూర్చుండును. పొరుగువాని కంటిలోని నలుసును గూర్చి మాటలాడ వెళ్లిన మాకు మా కంటిలోని దూలము కనబడెను (మత్తయి 7:3–5). చుట్టకు చట్టము అడ్డు లేదు, గంజాయికి కలదు. పిల్లవాని ఊపిరితిత్తులకు మాత్రము ఆ భేదము తెలియదు. మన సంఘములో చుట్ట, బీడీ, ఉత్తర జిల్లాలలోని అడ్డపొగ అలవాటుగలవారు ఈ మాటను తమకే చెప్పినట్లు ఎంచుకొందురు గాక. ఆ సాయంకాలమే తాతగారు తన చుట్టను చెరువుగట్టునకు తీసికొనిపోయెను. కుర్రవాడు, "అత్తా, ఇంక ఇంటి దగ్గర కాల్చను" అని చెప్పెను.

5. చట్టమును, చికిత్సయును

అధికారులు కీడుచేయువారిని అదుపుచేయుటకు దేవుని పరిచారకులని పౌలు వ్రాసెను (రోమా 13:1–4). కాబట్టి చట్టము ఏమి చెప్పుచున్నదో తెలిసికొనుట మంచిది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద గంజాయిని కలిగియుండుటయు, అమ్ముటయు, త్రాగుటయు నేరములు. త్రాగినందుకు 27వ సెక్షను క్రింద 6 నెలలవరకు జైలు గాని, 10,000 రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. 64-ఎ సెక్షను ఒక తలుపు తెరచియుంచినది. మత్తుకు బానిసయై, త్రాగిన నేరము గాని కొద్ది పరిమాణము కలిగియున్న నేరము గాని మోపబడినవాడు, ప్రభుత్వము గుర్తించిన చికిత్సాలయములో తనంతట తాను చికిత్స పొందినయెడల విచారణనుండి మినహాయింపబడును. చికిత్సను మధ్యలో విడిచినయెడల ఆ మినహాయింపు పోవచ్చును. ఈ సంగతి భయపడుచున్న తల్లిదండ్రులకు చెప్పుడి. మత్తు మాన్పించు సలహాకు 14446 అను నంబరునకు ఫోను చేయవచ్చును.

పొరుగువాడు అమ్మువాడైనను, పిల్లలను ఆ పనిలోనికి దింపుచున్నను, బెదిరించుచున్నను ఇంటికి వెళ్లి నచ్చజెప్పు ప్రయత్నము చేయవద్దు. 1933కు గాని, ఆంధ్రప్రదేశ్‌లో 1972కు గాని, తెలంగాణలో 1908కి గాని తెలియజేయుడి. అది కొండెము కాదు. ప్రాణాపాయము దగ్గర ఊరక నిలువకుండుటయే. మెల్లగా చెప్పిన తరువాతను పొగ ఆగక పిల్లవాని ప్రాణము మీదికి వచ్చినయెడల, ఊరి పెద్దలకును పిమ్మట అధికారులకును చెప్పుట న్యాయమే. అయితే వెళ్లకముందు మోకాళ్లమీద మీ హృదయమును పరీక్షించుకొనుడి.

ముగింపు

ఆ కుర్రవాడు పూర్తిగా మానెనని నేను వ్రాయలేను. తరువాతి నెలలో రెండుసార్లు మరల పొగ వచ్చినది. రెండుసార్లును సహోదరి ఉదయమున వెళ్లి తలుపు తట్టినది. మూడవ నెలలో తల్లి అతనిని ప్రభుత్వ ఆస్పత్రికి తీసికొనిపోయెను. బస్సు ఎక్కునప్పుడు తోడుగా వెళ్లినది ఎవరో కాదు, పిల్లవాని తండ్రియే. ఆ తల్లి ముఖము చూడవలెనన్నవాడు ఆమె ప్రక్కన కూర్చుండి వెళ్లెను. పిల్లవాడు ఇప్పుడు చాల రాత్రులు నిద్రపోవుచున్నాడు.

ప్రేమ పొరుగువానికి కీడు చేయదని పౌలు చెప్పెను (రోమా 13:10). కిటికీ మూసికొనుట మన పిల్లలపట్ల ప్రేమ. తలుపు తట్టుట పొరుగువారి పిల్లలపట్ల ప్రేమ. ఈ రెండును చేయువాడే ఆజ్ఞను నెరవేర్చినవాడు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. పొరుగువారిమీద మనకున్న ఫిర్యాదును వారితో చెప్పకముందు ఎందరితో చెప్పితిమి?
2. మన యింటిలోనుండి పొరుగింటికి పోవు పొగ, చప్పుడు, మురుగునీరు ఏవైన కలవా?
3. మన వీధిలో బిడ్డను గూర్చి ఎవరితోను చెప్పుకొనలేని తల్లి ఎవరు? ఈ వారము ఆమె యొద్దకు ఎవరు వెళ్లుదురు?

ప్రార్థన

ప్రభువా, మా పిల్లల ఊపిరిని కాపాడుము. మాకు హాని చేయువాని తల్లి కన్నీటిని చూడగల కండ్లను మాకిమ్ము. మా మాటలో సత్యమును, మా మనస్సులో కనికరమును ఉంచుము. మత్తులో చిక్కుకొనిన యౌవనస్థులను విడిపింపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.