దర్శనము - ఛాయాచిత్రము

శ్రీవైష్ణవ సంప్రదాయములో దర్శనమనగా కన్నులతో చూచుట మాత్రమే కాదు; చూచినదానిని మఱువకుండుటయు అందులో భాగమే. భగవద్రామానుజులు శ్రీభాష్యములో ధ్యానమును తైలధార వలె తెగక సాగు స్మృతిగా చెప్పి, ఆ స్మృతి పండినచో ప్రత్యక్షముగా చూచుటతో సమానమగునని వివరించిరి. సన్నిధిలో లభించు కొద్ది క్షణములే ఈ స్మృతికి విత్తనములు. ఆ క్షణములను సెల్‌ఫోనునకు అప్పగించినచో విత్తనము ఎచ్చట పడినట్లు?

నేడు ఉత్సవమూర్తి వీధికి వేంచేయగానే చేతులు జోడించుటకంటె ముందు ఫోనులు పైకి లేచుచున్నవి. "ఇప్పుడు తీసికొందము, ఇంటికి పోయి తీరికగా చూతము" అని వారి సమాధానము. బోధనుకు చేరువనున్న రుద్రూరు చెఱకు రైతులకు ఈ మాటలోని లోపమును వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ ఊర చెఱకు, వరి పరిశోధన కేంద్రము కలదు. బోధను నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినను చెఱకు ధర్మము మాఱలేదు. నరికిన గడను వెంటనే ఆడింపవలెను. దినములు గడచినకొలది గడ పైకి గడగానే కనబడును గాని లోని చక్కెర తఱిగిపోవును.

చూచుట ఎట్లో తిరుప్పాణాళ్వారు చూపిరి. లోకసారంగముని భుజములపై శ్రీరంగనాథుని సన్నిధి చేరిన ఆ మహనీయుడు పది పాశురములలో స్వామిని పాదములతో మొదలిడి, కట్టిన వస్త్రము, నాభి, ఉదరబంధము, వక్షస్థలము, కంఠము, అధరము, నేత్రములు అను క్రమమున సేవించెను. ఒక్కొక్క అవయవముకడ మనస్సు ఆగి ఆగి పైకి నడచినది. తొందరలో ముఖమును మాత్రమే వెదకువారు ఈ క్రమమును అభ్యసింపవలెను.

ఇచ్చట ఒక ఆధునిక పరిశోధనయు గమనింపదగినది. అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన లిండా హెంకెల్ అను మనశ్శాస్త్రవేత్త 2014లో దానిని ప్రకటించిరి. ప్రదర్శనశాలలో కేవలము చూచిన వస్తువులకంటె, మొత్తముగా ఫొటో తీసిన వస్తువులు విద్యార్థులకు తక్కువగా జ్ఞాపకమున్నవి. అయితే వస్తువులోని ఒక భాగమును దగ్గఱ చేసికొని తీసినపుడు ఆ నష్టము కలుగలేదు. ఆళ్వారు అవయవక్రమము తెలిసినవారికి ఇది వింతగ తోచదు.

ఛాయాచిత్రమే దోషమనుట సరికాదు. 1894లో రవివర్మ ముద్రణాలయము వెలసిన పిదప అచ్చుపటముల ద్వారా స్వామి సామాన్యుల యిండ్లకు వేంచేసెను. గోడపై పటమునకు నిత్యము దీపము పెట్టుదురు, పువ్వు పెట్టుదురు. ఫోనులోని వేయి బొమ్మలలో ఒకదానికి ఆ గౌరవమేది? 2008లో ఆరంభమైన శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానలు కదలలేని వృద్ధులకు ఉత్సవములను చూపుచున్నది, అది మేలే. లింబాద్రిగుట్ట కార్తిక జాతరలో నరసింహస్వామిని ముందు కన్నులార సేవించి, పిదప మంచము పట్టిన తల్లికొఱకు ఒక చిత్రము తీసికొనిపోవువానిని ఎవ్వరును తప్పు పట్టరాదు. తనను ముందు నిలుపుకొని తీసికొను చిత్రము వేఱు. అందు భక్తుని ముఖము లోకమునకు, వీపు స్వామికి.

తిరుమల ఆలయములో ఫోనులు, కెమెరాలు నిషిద్ధములు. 2022 డిసెంబరులో మద్రాసు ఉన్నత న్యాయస్థానము తమిళనాట ఆలయములందు ఫోనులను నిషేధింపుమని ఆదేశించినది. కొందఱు ఇది కఠినమందురు. కాని ఈ నియమము వలన మూలవిరాట్టును సేవించి వచ్చినవాని వద్ద, ఇంటివారికి చూపుటకు చిత్రమేదియు ఉండదు. తన కన్నులు తెచ్చినదే ఉండును. గురువారమునాడు తిరునామమును తగ్గించుటచే స్వామి నేత్రములు కానవచ్చును. ఆ సంగతి ఎఱిగిన రుద్రూరు అవ్వ, యాత్ర ముగించి వచ్చిన మనుమడు గడప దాటకమునుపే అడుగును: "బేస్తవారం పోతివి గద బిడ్డా, స్వామి కండ్లు కనవడ్డయా?" లడ్డు చేతికిచ్చినంత మాత్రమున ఆ ప్రశ్నకు జవాబు కాదు.