ఇల్లు కొని తిప్పి అమ్మాలా? శివారు భూమి కొనాలా?

భూసేకరణ పైకం చేతికి రాగానే రామగుండం, గోదావరిఖని ప్రాంత రైతులను ముందుగా పలకరించేది బ్రోకర్లే. ‘పాత ఇల్లు కొను, సున్నమేసి ఆర్నెల్లలో అమ్ము’ అంటారు. లెక్క చూడండి. పది లక్షల ఇంటికి రిజిస్ట్రేషన్ ఖర్చే 7.5 శాతం, అంటే 75 వేలు. తర్వాత కొనేవాడూ అంతే కట్టాలి గనుక బేరంలో ధర తగ్గిస్తాడు. 24 నెలల్లోపు అమ్మితే లాభాన్ని మామూలు ఆదాయంలో కలిపి పన్ను వేస్తారు. సొంతంగా పని చేసుకునే మేస్త్రీకైతే గిట్టుతుందేమో!

శివారున ఎకరం కొంటే పంటో కౌలో వస్తుంది. ధర పెరగడానికి మాత్రం ఓపిక పట్టాలి. 1999లో మూతబడ్డ రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ చోట కొత్తది 2021లో గాని ఉత్పత్తి మొదలుపెట్టలేదు. అలాంటి ఆశతో అప్పు చేసి జాగ కొన్నవాని గతేంటి? అందుకే అప్పు తెచ్చి కొనవద్దు.

ఇంకో సంగతి. 2013 భూసేకరణ చట్టం కింద ప్రాథమిక ప్రకటన వెలువడిన భూమిని కలెక్టరు మినహాయింపు లేనిదే అమ్మరాదు, కొనరాదు. గనుల దగ్గర భూమి చవకగా వస్తోందంటే ముందు ఇదే అనుమానించాలి. పట్టా, ఈసీ చూసి, తహసీల్దారు కార్యాలయంలో విచారించాకే బయానా ఇవ్వండి.