శిక్షకుని కొలువు

మన మనలిలో పర్మినెంటు, కాంట్రాక్టు అను రెండు మాటలు తెలియని యిల్లు లేదు. చమురుశుద్ధి కర్మాగారమునకో, ఎరువుల కర్మాగారమునకో పనికి పోవు తండ్రులు గల బాలబాలికలకు ఆ రెంటికిని గల భేదమును నేను వివరింప నక్కరలేదు. మొదటివాడు వచ్చు ఏటి సంగతి ఆలోచించును. రెండవవానికి వచ్చు నెలయే దూరము. ఈ భేదము ఫుట్‌బాలు ఆటలో నెట్లు పనిచేయుచున్నదో యీ పాఠమున చూతము.

మనకు దాపుననున్న వ్యాసర్‌పాడిలో ఫుట్‌బాలు ఆడని సందు అరుదు. చూచువారి కన్నులు గోలు కొట్టినవానిపైననే యుండును. గీతకు వెలుపల చేతులు కట్టుకొని నిలుచుండు పెద్దమనిషిని ఎవరును గమనింపరు. జట్టు ఓడిన నాడు మాత్రము అందరును ఆయనవైపే తిరుగుదురు. ఆయన శిక్షకుడు. ఇంగ్లండులో మేనేజరందురు. ఎవరిని ఆడింపవలెనో, ఎట్టి సాధన చేయింపవలెనో నిర్ణయించువాడాయనయే. ఓడిన నాడు ఆటగాండ్రనందరిని ఒక్కమారుగా తీసివేయుట సాధ్యము కాదు గనుక, జట్టు యజమానులు ఆ యొక్కనిని తీసివేయుదురు.

మన నగరపు జట్టగు చెన్నైయిన్ చరిత్రనే చూడుడు. జాన్ గ్రెగరీ అను ఆంగ్లేయుడు 2017లో శిక్షకుడుగా వచ్చి, 2018 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పును గెలిపించెను. మరుసటి పోటీలలో అదే జట్టు పట్టికలో అట్టడుగున నిలిచెను. 2019 నవంబరులో, ఆరు ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచిన పిమ్మట, ఆయన పదవినుండి తొలగెను. తరువాత ఓవెన్ కోయిల్ వచ్చి, ఆ జట్టునే 2020 మార్చిలో అంతిమ పోటీకి చేర్చెను. ఆయనయు వెడలిపోయెను. 2020 నుండి 2023 వరకు మువ్వురు శిక్షకులు వచ్చిరి, పోయిరి; 2023లో మరల కోయిలునే పిలిచిరి!

కోయిల్ చేసిన పని చూచి, శిక్షకుని మార్చుటయే మందని తలంచువారు కలరు. ఇచట కొంచెము నిదానింపవలెను. ఎల్లప్పుడు 70 మార్కులు తెచ్చుకొను బాలుడొకడు, జ్వరముచేతనో నిద్రలేమిచేతనో ఒక పరీక్షలో 40 తెచ్చుకొనెననుకొందము. తండ్రి కోపించి ట్యూషను మాస్టరును మార్చెను. తరువాతి పరీక్షలో మరల 70 వచ్చెను. క్రొత్త మాస్టరు గొప్పవాడని తండ్రి మురియును. మాస్టరును మార్చకున్నను ఆ 70 వచ్చియుండెడివే గదా! నెదర్లాండ్సు దేశమున బాస్ టెర్ వీల్ అను అర్థశాస్త్రజ్ఞుడు ఆ దేశపు ప్రథమశ్రేణి జట్ల ఫలితములను పరిశీలించెను. వరుసగా ఓడి శిక్షకుని తీసివేసిన జట్లును, అట్లే ఓడియు తీసివేయని జట్లును, ఇంచుమించు ఒకే రీతిగా కోలుకొనెనని ఆయన కనుగొనెను. కోయిల్ ప్రతిభ లేనివాడని నా భావము కాదు. ఒక్క ఉదాహరణమును పట్టుకొని సూత్రము కల్పింపరాదని మాత్రమే చెప్పుచున్నాను.

వచ్చు ఆదివారమునాటి ఆట ఓడినచో కొలువు పోవునని భయపడు శిక్షకుడేమి చేయును? పదునెనిమిదేండ్ల కుఱ్ఱవానిని బెంచీపై కూర్చుండబెట్టి, ముప్పది దాటిన అనుభవజ్ఞుని ఆడించును. గెలుచుటకంటె ఓడకుండుటకే పాటుపడును. ఫలించుటకు మూడేండ్లు పట్టు సాధనను మొదలుపెట్టడు. ఆ ఫలము మరియొకని కాలమున వచ్చును గదా! తప్పు ఆయనది కాదు. ఆయనకును ఇల్లు, బిడ్డలు కలరు. క్లాడియో రానియేరీ 2016లో లెస్టర్ అను చిన్న జట్టును ఇంగ్లండుకెల్ల ప్రథమస్థానమున నిలిపెను. తొమ్మిది నెలలు గడచి 2017 ఫిబ్రవరి వచ్చుసరికి ఆయనను తొలగించిరి. గెలిచినవానికే యింత మాత్రపు భరోసా!

ఇందుకు భిన్నమైన కథ హైదరాబాదున జరిగినది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివిన పట్టభద్రుడు. వృత్తిచే పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పు గెలిచెను. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో భారతజట్టునకు స్వర్ణపతకము లభించినప్పుడు శిక్షకుడాయనయే. మరుసటి యేడే హెల్సింకీ ఒలింపిక్సులో ఆ జట్టు యుగోస్లావియా చేతిలో 10-1గా ఓడిపోయెను. ఆటగాండ్రలో పలువురు బూట్లు లేక ఆడిరి. నేటి దినములలోనైనచో ఆ రాత్రియే శిక్షకునికి సెలవిచ్చెడివారు. రహీమునకట్లు కాలేదు. అటుపై ఆటగాండ్రకు బూట్లు తప్పనిసరి చేసిరి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సునకు రహీమునే శిక్షకునిగా పంపిరి. అచట భారతదేశము ఆస్ట్రేలియాను 4-2గా గెలిచి, నాలుగవ స్థానము పొందెను.

ఓర్చినవారి గొప్పతనము కొంత. రహీము స్థితియు కొంత కారణమని నాకు తోచును. ఆయన భోజనము ఆటల ఫలితముపై ఆధారపడలేదు. బడిలో పాఠము చెప్పువాడు జూన్‌లో చేరిన బిడ్డ జూలైలోనే పండితుడు కావలెనని కోరడు. రహీము బాలురకు చిత్రమైన పందెములు పెట్టెడివాడు. ఒక పందెమున బంతిని కాలితో నడిపించుకొనిపోరాదు. అందినంతనే మరియొకనికి పంపవలెను. మరియొక పందెమున బలహీనమైన కాలితోనే ఆడవలెను. ఇట్టి సాధనవలన ఆ వారము ఏ కప్పును రాదు.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీమును క్యాన్సరు వ్యాధి పీడించుచుండెను. తొలి ఆటలో దక్షిణ కొరియా భారతజట్టును 2-0గా ఓడించెను. సెప్టెంబరు 4వ తేదీన జరిగిన అంతిమ పోటీలో ఆ కొరియానే మనవారు 2-1గా గెలిచి స్వర్ణము తెచ్చిరి. 1963 జూన్ 11న రహీము మరణించెను.

ఆయన పెట్టిన బలహీనపు కాలి పందెమునకు ఖర్చు లేదు, కప్పు అక్కరలేదు. డ్రిల్లు మాస్టరుగారు అనుమతించినయెడల, వచ్చు శనివారము మన మైదానముననే ఆడి చూడవచ్చును. కుడికాలివాటము గలవారు ఎడమకాలితోను, ఎడమకాలివాటము గలవారు కుడికాలితోను తన్నవలెను. మొదటి దినమున అందరును నవ్వుదురు.