కదలకుండా చేసే ప్రయాణం: ఒక పాత రైడ్, ఒక కొత్త రైడ్ చెప్పే పాఠం



వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు పాఠం రాయమని అడిగినప్పుడు మన సిలబస్‌లో లేని విషయం ఒకటి ఎంచుకున్నాను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో డిస్నీల్యాండ్ అనే వినోద ఉద్యానవనం ఉంది. అందులోని ‘స్టార్ టూర్స్’ అనే సిమ్యులేటర్ రైడ్‌ను 2010లో మూసివేసి, 2011లో అదే చోట కొత్తది తెరిచారు. ఆ మార్పు కోసం అభిమానులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఒక ఆటబొమ్మ లాంటి యంత్రం కోసం ఇంత ఆరాటం ఎందుకు అనిపించవచ్చు. కానీ ఆ రైడ్‌ను విప్పి చూస్తే మన భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, గణితం మూడూ కనిపిస్తాయి. పాతదాన్ని తీసి కొత్తది పెట్టేటప్పుడు ఏది మార్చాలి, ఏది మిగల్చాలి అనే ప్రశ్న కూడా కనిపిస్తుంది.

1. సిమ్యులేటర్ అనగా నేమి?

సిమ్యులేటర్ అనగా అనుకరించే యంత్రం. విమానం నేల మీద నుండి లేవకుండానే లేచిన అనుభూతిని కలిగించే పెట్టె అని చెప్పుకోవచ్చు. ఇది మొదట వినోదం కోసం పుట్టలేదు. పైలట్ల శిక్షణ కోసం పుట్టింది. 1929లో అమెరికాకు చెందిన ఎడ్విన్ లింక్ తయారు చేసిన ‘లింక్ ట్రైనర్’ వీటిలో బాగా పేరు పొందినది. లింక్ కుటుంబానికి ఆర్గాన్లు, పియానోలు తయారు చేసే ఫ్యాక్టరీ ఉండేది. మన భజన మందిరంలోని హార్మోనియంకు గాలి తిత్తి ఉంటుంది కదా! అటువంటి తిత్తులనే ఉపయోగించి, చిన్న విమానం ఆకారంలో ఉన్న పెట్టెను అటూ ఇటూ వంచేలా ఆయన చేశాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లక్షల మంది పైలట్లు దానిమీద శిక్షణ పొందారు.

తరువాత గాలి తిత్తుల స్థానంలో నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ జాకీలు వచ్చాయి. టిప్పర్ లారీ తన తొట్టిని పైకి లేపి కంకర పోయడం మనం చూశాం. ఆ బలం వెనుక ఉన్నది పాస్కల్ సూత్రం. సిమ్యులేటర్ క్యాబిన్‌ను లేపేదీ, వంచేదీ అదే సూత్రం. మన హైదరాబాదులో ఒకప్పటి ఇండియన్ ఎయిర్‌లైన్స్ శిక్షణ కేంద్రంలో పైలట్లు నేర్చుకున్నది కూడా ఇటువంటి సిమ్యులేటర్ల మీదే.

2. పాత రైడ్ కథ

డిస్నీల్యాండ్ 1955లో ప్రారంభమైంది. అందులో ‘టుమారోల్యాండ్’ అనే విభాగంలో 1967 నుండి 1985 వరకు ఒక రైడ్ నడిచింది. అందులో కూర్చున్నవారు తాము చిన్నవై, చిన్నవై, మంచు రేణువులోకి, చివరకు పరమాణువులోకి ప్రవేశించినట్లు అనుభూతి పొందేవారు. దాన్ని తొలగించిన చోటే 1987 జనవరి 9న స్టార్ టూర్స్ ప్రారంభమైంది. అంటే మనం పాతది అంటున్న ఈ రైడ్ కూడా ఒకనాడు మరొక పాతదాని స్థానంలో వచ్చిన కొత్తదే!

జార్జ్ లూకాస్ సృష్టించిన ‘స్టార్ వార్స్’ సినిమాల ఆధారంగా దీన్ని రూపొందించారు. యంత్రం మాత్రం ఇంగ్లాండుకు చెందిన రెడిఫ్యూజన్ సిమ్యులేషన్ అనే సంస్థది. పైలట్ల శిక్షణ యంత్రాలు తయారు చేసే సంస్థ అది. ఒక్కొక్క క్యాబిన్‌లో 40 మంది కూర్చుంటారు. డిస్నీల్యాండ్‌లో అటువంటి క్యాబిన్లు 4 ఉన్నాయి. ఎదురుగా తెర, దానిమీద 70 ఎం.ఎం. సినిమా. ఆ అంతరిక్ష నౌకను నడిపేది ‘రెక్స్’ అనే మరమనిషి. పాపం, అతనికి అదే మొదటి ప్రయాణం. బయలుదేరగానే దారి తప్పుతాడు. తోకచుక్కల మధ్యకు, ఆపై యుద్ధం మధ్యకు తీసుకుపోతాడు. నాలుగున్నర నిమిషాలు కంగారు పెట్టి, చివరకు అందరినీ క్షేమంగా దించుతాడు.

3. మన శరీరం ఎలా మోసపోతుంది?

ఈ సంగతి ఇంట్లో చెబితే మా అమ్మ నమ్మలేదు. “ఉన్నచోటే ఉండి ఊరు దాటినట్టు ఎట్లుంటదిరా? జాతరలో రంగులరాట్నం కూడా తిరిగితేనే గదా తిరిగినట్టు!” అన్నది. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివిన మొదటివాణ్ని కనుక అడిగిన ప్రతిదానికీ జవాబు నా దగ్గర ఉంటుందని ఇంట్లోవాళ్ల నమ్మకం. ఆమెకు చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను.

ఆర్టీసీ బస్సు ఒక్కసారిగా ముందుకు కదిలితే మన వీపు సీటుకు ఒత్తుకుంటుంది. బ్రేకు వేస్తే ముందుకు తూలుతాం. ఇది జడత్వం. న్యూటన్ మొదటి నియమంలో చదువుకున్నదే. ఇప్పుడు ఈ ప్రయోగం చేయండి. ఒక కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చోండి. ఇద్దరు స్నేహితులు వెనుక నుండి కుర్చీని గట్టిగా పట్టుకుని మెల్లగా వెనక్కి వంచాలి. అప్పుడు కూడా వీపు కుర్చీకి ఒత్తుకుంటుంది. అయితే ఈసారి ఒత్తినది వేగం కాదు, భూమ్యాకర్షణ.

ఈ రెండు ఒత్తిళ్లకూ తేడా చెప్పడం మన శరీరానికి చాతకాదు. చెవి లోపలి భాగంలో జిగురు వంటి పొర మీద సన్నని సున్నపు కణాలు ఉంటాయి. అవి వెనక్కి జరిగితే ‘వెనక్కి వంగాం’ అని గానీ, ‘ముందుకు దూసుకుపోతున్నాం’ అని గానీ అర్థం. రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి మెదడు ఎక్కువగా కంటి సాయం తీసుకుంటుంది. సిమ్యులేటర్ క్యాబిన్‌కు కిటికీలు ఉండవు. క్యాబిన్ వంగినప్పుడు తెర కూడా దానితో పాటే వంగుతుంది కాబట్టి కంటికి వంపు తెలియదు. తెర మీద నక్షత్రాలు మాత్రం వెనక్కి పరుగెడుతుంటాయి. దాంతో మెదడు ‘మనం దూసుకుపోతున్నాం’ అని తీర్పు చెప్పేస్తుంది.

లెక్క కూడా చూద్దాం. క్యాబిన్ 10 డిగ్రీలు వెనక్కి వంగితే వీపు వైపు కలిగే ప్రభావం 9.8 × సైన్ 10°, అంటే సుమారు 1.7 మీటర్లు/సెకను². 30 డిగ్రీలు వంగితే 4.9. నేల మీద ఒక్క అడుగు కూడా ముందుకు పోకుండానే ఇంత త్వరణం అనుభవంలోకి వస్తుంది. అయితే బొమ్మ, కదలిక సరిగ్గా ఒకే క్షణంలో కలవాలి. కంటి మాట ఒకటి, చెవి మాట ఒకటి అయితే ఘాట్ రోడ్డు మీద బస్సులో అయినట్టు కడుపులో తిప్పుతుంది.

4. ఎదురుచూపు

స్టార్ టూర్స్ 1989లో ఫ్లోరిడాలోనూ, టోక్యోలోనూ, 1992లో పారిస్ దగ్గరా కూడా వచ్చింది. ఏళ్లు గడిచాయి. ఎన్నిసార్లు ఎక్కినా అదే రెక్స్, అవే మాటలు, అదే మలుపు. అభిమానులకు సినిమా మొత్తం కంఠస్థం అయిపోయింది. ఈలోగా 1999 నుండి 2005 వరకు మూడు కొత్త స్టార్ వార్స్ సినిమాలు వచ్చాయి. రైడ్ మాత్రం మారలేదు.

2009 సెప్టెంబరులో అభిమానుల సమావేశంలో డిస్నీ సంస్థ కొత్త రైడ్‌ను అధికారికంగా ప్రకటించింది. అప్పటి నుండి అభిమానులలో రెండు రకాల మాటలు వినిపించాయి. ‘ఇన్నాళ్లకు కొత్త లోకాలు చూస్తాం’ అని కొందరి సంతోషం. ‘మా రెక్స్ ఏమైపోతాడు?’ అని కొందరి దిగులు. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని ఎక్కిన రైడ్‌ను పెద్దయ్యాక తన పిల్లలకు చూపించాలనుకున్నవారికి అది యంత్రం కాదు, ఒక జ్ఞాపకం. డిస్నీల్యాండ్‌లో పాత రైడ్ 2010 జూలైలో ఆగిపోయింది. ఫ్లోరిడాలో ఆగస్టు 14న దానికి ప్రత్యేకంగా వీడ్కోలు సభ జరిపి, సెప్టెంబరులో ఆపారు. ఒక యంత్రానికి వీడ్కోలు సభ!

2011 మే 20న ఫ్లోరిడాలో, జూన్ 3న డిస్నీల్యాండ్‌లో కొత్త రైడ్ తెరుచుకుంది. ఇప్పుడు బొమ్మ డిజిటల్ త్రీడీ. కథాకాలం పాతదానికంటే వెనకటిది. అందుకే పాత నౌక పేరు ‘స్టార్‌స్పీడర్ 3000’ కాగా, కొత్తదాని పేరు ‘స్టార్‌స్పీడర్ 1000’!

5. ఇంటర్ గణితం ఇక్కడ పనికొచ్చింది

కొత్త రైడ్‌లో అసలు విశేషం కథ ప్రతిసారీ మారడం. తెరిచిన నాటికి ప్రారంభ ఘట్టాలు 2, మొదటి గ్రహాలు 3, మధ్యలో వచ్చే సందేశాలు 3, చివరి గ్రహాలు 3. ఒక్కొక్క గుంపులో ఒకటి చొప్పున కంప్యూటర్ ఎంచుకుంటుంది. మొత్తం కథలు ఎన్ని?

2 × 3 × 3 × 3 = 54.

తయారు చేసినవి 11 ముక్కలే. వచ్చినవి 54 కథలు. ప్రస్తారాలు, సంయోగాలు అధ్యాయం మొదట్లో ఉన్న గుణకార సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అన్ని కథలకూ సమాన అవకాశం ఉందనుకుంటే, మీరు చూసిన కథే మీ స్నేహితుడికీ వచ్చే సంభావ్యత 1/54. అలాగని కథ మళ్లీ రాదనుకోకండి. 9 సార్లు ఎక్కితే ఏదో ఒక కథ రెండోసారి ఎదురయ్యే అవకాశం సగం దాటుతుంది.

ముక్కల పద్ధతి వల్ల మరో లాభం ఉంది. 2015, 2017, 2019, 2024 సంవత్సరాలలో కొత్త ఘట్టాలు చేర్చారు. అందుకోసం రైడ్ మొత్తాన్నీ మళ్లీ కూల్చవలసిన పని లేకపోయింది.

దీనిలో ఒక నష్టం కూడా ఉందని నాకు అనిపిస్తుంది. పాత రైడ్‌లో అందరిదీ ఒకే కథ. 1987లో ఎక్కిన తండ్రీ, 2009లో ఎక్కిన కొడుకూ ఒకే మాటకు నవ్వారు. 54 కథలలో వైవిధ్యం ఉంది కానీ ఆ ఉమ్మడితనం కొంత తగ్గింది. కొత్తదానికి మనం చెల్లించే వెల అది.

6. పాతదాని గుర్తులు

అయితే తయారుచేసినవారు ఒక మంచి పని చేశారు. 1987లో స్టార్ టూర్స్ వచ్చినప్పుడు, అంతకుముందు అక్కడ ఉన్న పరమాణు యాత్రలోని పెద్ద సూక్ష్మదర్శినిని సినిమాలో ఒక మూల కనిపించేలా పెట్టారు. తెలిసినవారికి మాత్రమే తెలిసే గుర్తు అది. 2011లో కొత్త రైడ్ వచ్చినప్పుడు రెక్స్‌ను పూర్తిగా పారేయలేదు. క్యూలో నిలబడేవారికి కనిపించేలా, ఫ్యాక్టరీకి తిరిగి పంపవలసిన లోపమున్న సరుకుగా ఒక పెట్టెలో కూర్చోబెట్టారు. 2019లో డిస్నీల్యాండ్‌లో స్టార్ వార్స్ కోసమే ఒక ప్రత్యేక ప్రాంతం తెరిచినప్పుడు, అక్కడి పానశాలలో పాటలు వేసే ఉద్యోగం రెక్స్‌కు దొరికింది! వీడ్కోలు చెప్పిన అభిమానులు మళ్లీ అతని గొంతు విన్నారు.

ముగింపు

తమ్ముళ్లారా! ఆ రైడ్ టికెట్టు ఈనాడు మనకు అందుబాటులో లేకపోవచ్చు. దాన్ని నడిపే సూత్రాలు మాత్రం మన ట్రంకు పెట్టెలోని పుస్తకాల్లోనే ఉన్నాయి. పాస్కల్, న్యూటన్, సైన్ విలువలు, గుణకార సూత్రం ఇవే దాని కాళ్లూ చేతులూ. పరీక్ష కోసమే చదివితే అవి మార్కుల దగ్గర ఆగిపోతాయి. ఎక్కడ పనిచేస్తున్నాయో వెతుక్కుంటూ చదివితే అటువంటి యంత్రాన్ని తయారు చేసే చోటికి కూడా తీసుకుపోగలవు.

అన్నలారా! మీకు నా విన్నపం ఒకటి. మన హాస్టల్‌లో కూడా పాతవి పోయి కొత్తవి వస్తాయి. రావాలి కూడా. చాప మీద పడుకున్నవారు తరువాతివారికి మంచం రావాలని కోరుకుంటారు, రాకూడదని కాదు. కానీ ఏ గదిలో ఎవరు ఎలా చదివారో మీరు చెప్పకపోతే కొత్తగా చేరే ఆరో తరగతి పిల్లవాడికి తెలిసే దారి లేదు. ఆ సూక్ష్మదర్శిని లాగా మీ గుర్తు ఒకటి ఇక్కడ వదలండి. వచ్చే సంచికకు ఒక పేజీ రాసి పంపినా చాలు.

ఆలోచించండి:

1. క్యాబిన్‌కు ఒక కిటికీ ఉంటే రైడ్ అనుభూతి ఎందుకు చెడిపోతుంది?
2. బ్రేకు వేసిన అనుభూతి కలగాలంటే క్యాబిన్‌ను ఎటు వంచాలి?
3. మొదటి గ్రహాలు 3కు బదులు 4 అయితే మొత్తం కథలు ఎన్ని?
4. 11 ముక్కలనూ చూడటానికి కనీసం ఎన్నిసార్లు ఎక్కాలి?

జవాబులు రాసి నోటీసు బోర్డుకు అంటించండి. సెలవులకు వచ్చినప్పుడు చూస్తాను.