వెనిస్ పూస, నరసాపురం లేసు

విదేశీ ప్రయాణం ఖాయమయ్యిందనగానే మన ఆడవాళ్లకి ముందు పట్టుకునే దిగులేమిటో చెప్పనా? చలి కాదు, తిండి కాదు. ఎవరెవరికి ఏమేం తేవాలి అని! అత్తగారి వైపు, పుట్టింటి వైపు, ఇంటి తాళాలు దగ్గర పెట్టుకున్న పక్కింటావిడ, ఆఫీసులో సెలవు ఇప్పించిన మేడమ్... ఒకరికి తెచ్చి ఇంకొకరికి తేకపోతే ఆ మాట మనవల పెళ్లిళ్ల దాకా నిలుస్తుంది. అందుకే వెనిస్ వెళ్తున్నామన్న అక్కచెల్లెళ్లకి నేను చెప్పేది ఒకటే. ఆ చిట్టాని రెండు ముక్కలుగా చింపండి. లెక్క కోసం ఇవ్వాల్సినవాళ్లు ఒక ముక్కలో, మనసుపడి ఇచ్చేవాళ్లు రెండో ముక్కలో. ఆ రెండోదాంట్లో మీ పేరు కూడా రాసుకోండి, మొహమాటపడకండి.

లెక్కవాళ్ల సంగతి సూపర్ మార్కెట్లో తేల్చేయండి. రియాల్తో వంతెన చుట్టూ బళ్ల మీద అమ్మే ఫ్రిజ్ మాగ్నెట్లు ఎవరికి కావాలి చెప్పండి! మనకి ఎవరెవరో ఇచ్చినవే ఫ్రిజ్ తలుపు నిండా ఉన్నాయి. కాఫీ పొడి పాకెట్లు తీసుకోండి, అయిపోయేదాకా మిమ్మల్ని తలుచుకుంటారు. కాఫీ అంటే ప్రాణం పెట్టే మామగారు ఉంటే మోకా పాట్ ఒకటి. అల్ఫోన్సో బియాలెట్టీ 1933లో తెచ్చిన పలకల పలకల అల్యూమినియం కూజా అది. కింద నీళ్లు, మధ్యలో పొడి, ఆవిరి ఒత్తిడికి డికాక్షన్ పైకొస్తుంది. మామూలు అల్యూమినియందైతే ఇండక్షన్ పొయ్యి మీద పనిచెయ్యదు, గ్యాస్ ఉన్నవాళ్లకే ఇవ్వండి. ఇంకొకటి, శాకాహారుల ఇంటికి పార్మిజానో చీజ్ పట్టుకెళ్లకండి. అసలైనదానికి పాలని దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తోనే విరగ్గొట్టాలని అక్కడి నియమం. తెలియక వేసుకుని, తెలిశాక బాధపడేవాళ్లని చూశాను.

ముసుగుల మాట కూడా అనేసుకుందాం. 1797లో వెనిస్ రిపబ్లిక్ కూలిపోయాక అక్కడి కార్నివాల్ సంబరం అణగారిపోయింది, 1979లో మళ్లీ ఘనంగా లేపారు. కాగితం గుజ్జుతో చేసి చేత్తో రంగులద్దిన ముసుగులు నిజంగా అందంగా ఉంటాయి. లోపలివైపు తిప్పి చూస్తే కాగితం పొరలు తెలుస్తాయి, ప్లాస్టిక్‌దైతే నున్నగా మెరుస్తుంది. కానీ వాటిల్లో కాకిముక్కులా పొడుచుకొచ్చే ప్లేగు వైద్యుడి ముసుగు తెచ్చి మన హాల్లో ఎక్కడ తగిలిస్తారు? దిష్టికి గుమ్మం మీద కట్టాలి! వదిలెయ్యండి. వీధుల్లో దుప్పటి పరిచి అమ్మే నకిలీ బ్రాండ్ హ్యాండ్‌బ్యాగుల జోలికి అసలే వెళ్లకండి. ఇటలీలో కొన్నవాళ్లకీ జరిమానా ఉంది, 7 వేల యూరోల దాకా వెయ్యొచ్చు.

ఇక మనసుపడేవి. వెనిస్‌లో నన్ను కట్టిపడేసింది పూస.

ఊళ్లో ఇళ్లు తగలబడతాయన్న భయంతో 1291లో గాజు కొలిముల్ని మురానో దీవికి తరలించారు. గాజు అంటే మగవాళ్ల పేర్లే వినిపిస్తాయి గానీ, పూసల కథ ఆడవాళ్లది. ఎరుపు, తెలుపు, నీలం పొరల్లో నక్షత్రం కనిపించే రొజెత్తా పూసని మొదట చేసింది మరియా బరొవియేర్ అంటారు. 1487లో ఆవిడ చిన్న కొలిమి సొంతంగా పెట్టుకోవడానికి అనుమతి తెచ్చుకుంది. ఆ తర్వాతి కాలంలో, ఊరికి తూర్పున ఉన్న కాస్తెల్లో పేటలో ఆడవాళ్లు గుమ్మాల ముందు కుర్చీలేసుకుని, ఒళ్లో చెక్క పళ్లెంలో ఆవగింజంత పూసలు పోసుకుని, సన్నటి పొడుగాటి సూదులు చేతిలో విసనకర్రలా పరిచి పట్టుకుని వాటిలోకి గుచ్చేవారట. మన వీధి అరుగుల మీద మల్లెలు మాల కడుతూ ఊరి కబుర్లన్నీ చెప్పుకునేవాళ్లం చూడండి, సరిగ్గా అలా. కాకపోతే వాళ్లది కూలి పని, గుచ్చినదాన్ని బట్టి డబ్బు. గాజుపూసల కళని 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

పూస తయారవుతుంటే నిలబడి చూడండి. నేను చూసినావిడ మంట ముందు కూర్చుని, ఎడంచేత్తో సన్నటి లోహపు పుల్ల తిప్పుతోంది. కుడిచేతిలో గాజు కడ్డీ కొస మంటలో కరిగి, పాకంలా సాగి, పుల్లకి చుట్టుకుంది. దాన్ని రేకులాంటి బంగారపు పొర మీద దొర్లించి, పైన రంగులేని గాజు మళ్లీ పోసింది. బంగారం లోపల చిక్కుకుపోయింది. వెంటనే చేతికివ్వలేదు, మెల్లగా చల్లారకపోతే పగులుతుందట. ఇంత పని ఉన్న హారం మూడు యూరోలకి ఎలా వస్తుంది? అలా వస్తే అది మురానోది కాదని ఎవరూ చెప్పక్కర్లేదు. ‘వెత్రో ఆర్తిస్తికో మురానో’ అన్న ముద్ర ఒకటి 1994 నుంచి ఉంది. అది లేనివాళ్లలోనూ నిజాయితీపరులున్నారు, అందుకే ముద్ర కన్నా పని చేస్తున్న మనిషి కనిపించే కొట్టు మేలని నా లెక్క. హోటళ్లలో ఆశపెట్టే ‘మురానోకి ఉచిత పడవ’ మాత్రం ఎక్కకండి. అది మిమ్మల్ని తిన్నగా ఒక షోరూములో దింపుతుంది, పడవ ఖర్చు మీరు కొనే గాజుపువ్వులో కలిసే ఉంటుంది. ఫొందమెంతే నోవె రేవులో 12వ నంబరు పడవ ఎక్కితే మురానో, బురానో రెండూ చూసి రావచ్చు.

మన దేశంలో కాపురముండేవాళ్లు ఒకే కొట్లో 70 యూరోలు దాటి కొంటే పాస్‌పోర్టు చూపించి పన్ను వాపసు కాగితం అడగండి. తిరుగు ప్రయాణంలో యూరప్ వదిలే చోట కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి. జర్మనీలో ఉంటున్న అమ్మాయి పేరు మీద బిల్లు రాయిస్తే ఈ వాపసు రాదు.

బురానో అంటే రంగురంగుల ఇళ్లు, లేసు. ఆ లేసుకి గుడ్డ లేదు, కొక్కెం లేదు. కాగితం మీద గీసిన ముగ్గు మీద, ఉత్త సూదీ దారంతో గాలిలో అల్లినట్టు కుట్టి, చివర్లో కింది ఆధారాన్ని కోసేస్తారు. ఒక్కొక్కామెకి ఒక్కో కుట్టే వచ్చు, కాబట్టి చిన్న రుమాలు కూడా చాలా చేతులు మారుతుంది. మరిచిపోతున్న ఈ విద్యని ఒక ముసలావిడ దగ్గర నేర్చుకుని 1872లో బడి పెట్టారు. ఆ బడి 1970లో మూతపడింది, ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది. అసలు లేసు ధర వింటే మన గొంతు పెగలదు. వీధిలో చవగ్గా వేలాడేవి చాలావరకు మిషన్‌వి, లేకపోతే బయటి దేశాలవి.

అక్కడ నిలబడితే నాకు నరసాపురమే గుర్తొచ్చింది. మిషనరీలు నేర్పిన క్రోషే అల్లికని మన గోదావరి జిల్లాల ఆడవాళ్లు తరాలుగా అల్లుతున్నారు, అది యూరప్ బల్లల మీదకీ వెళ్తోంది. వాళ్లదీ ముక్కకింత కూలే. లోకమంతటికీ సరుకు చేసే ఈ ఆడవాళ్లని ‘ఇంట్లో ఊరికే ఉండేవాళ్లు’గా లెక్కగడుతున్నారని జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ఒక పుస్తకమే రాసింది.

కాబట్టి వెనిస్‌లో ఒక పూస కొనుక్కోండి, బురానోలో మ్యూజియం చూసి రండి. లేసు మీద మనసైతే నరసాపురంలో కొనండి. యూరప్‌లో చీటీ మీద రాసిన ధర నోరెత్తకుండా ఇచ్చి వస్తాం కదా, మన అల్లికావిడ దగ్గరా బేరమాడకండి.